అంటు కింది సంగతి

తొలకరి పడగానే సాగర్ రోడ్డు మీద మొక్కల బండ్లు మొదలవుతాయి. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం వైపు వెళ్లే ఆ బండ్లలో మామిడి, జామ, బత్తాయి, నిమ్మ, ఈ మధ్య డ్రాగన్ ఫ్రూట్ కూడా ఉంటాయి. కొనేవాళ్లు నర్సరీలో అడిగే ప్రశ్నలు ఎక్కడైనా దాదాపు ఒకటే. ఏం రకం, ఎన్నేళ్లకు కాస్తుంది, కాయ ఎంత తూగుతుంది, మొక్క ఎంతకిస్తారు. ఈ నాలుగూ అంటు కట్టుకు పైనున్న భాగం గురించినవే. కట్టు కింద ఉన్న వేరు ఏ చెట్టుది, అది సంచిలో ఎన్నాళ్లుగా ఉంది, రేపు అది దిగబోయే నేల మూడడుగుల లోతున ఎట్లా ఉంది అని అడిగేవాళ్లు అరుదు. పండ్ల తోటల మీద మన దగ్గర జరిగే చర్చ, వచ్చే సలహాలు, చివరికి సబ్సిడీ కూడా చాలావరకు పై భాగం చుట్టూనే తిరుగుతాయి. ఈ వరుస తలకిందులుగా ఉందని నా వాదన. తోటలో తర్వాత దిద్దుకోగల తప్పులు కొన్ని, దిద్దుకోలేనివి కొన్ని. దిద్దుకోలేనివి ఇంచుమించు అన్నీ కట్టు కిందే ఉన్నాయి. కాబట్టి రైతు డబ్బు, సమయం, అనుమానం మూడూ ముందు అక్కడ ఖర్చు కావాలి.

దిద్దుకోగలవాటితో మొదలుపెడదాం. బంగినపల్లి అని చెప్పి అమ్మిన మొక్క అయిదో ఏట ఏదో నాటు కాయ కాసిందనుకోండి. నష్టమే, ఒళ్లు మండే నష్టమే. అయినా ఆ చెట్టు కొమ్మలు నరికి, వచ్చిన చిగుళ్లలో గట్టివి నాలుగైదు ఉంచి, వాటికి కావలసిన రకం అంటు కడితే కొన్నేళ్లలో మళ్లీ కాపుకొస్తుంది. ఉద్యాన శాఖవాళ్లు టాప్ వర్కింగ్ అనేది దీన్నే. వేరు అప్పటికే నేలలో పాతుకుని ఉంటుంది కనుక కొత్త తల వేగంగా లేస్తుంది. మరీ ఒత్తుగా నాటిన తోటను పలచన చేయవచ్చు. జింకు, బోరాన్ లోపాలకు ఆకుల మీద పిచికారీ ఉంది. డ్రిప్ పైపులు మార్చుకోవచ్చు, కత్తిరింపులతో చెట్టు ఆకారం తిప్పుకోవచ్చు. ఇక రెండో వైపు చూడండి. సంచి అడుగున రెండు చుట్లు తిరిగిన తల్లివేరును పదేళ్ల తర్వాత ఎవరూ విప్పలేరు. ఆ నేలకు పనికిరాని వేరుమూలాన్ని, అంటే కట్టు కింది చెట్టును, మార్చలేరు. గుంత అడుగున వదిలేసిన సున్నపు పొరను చెట్టు కాస్తుండగా తవ్వి తీయలేరు. కాండం పక్కన కొత్త వేరు మొక్క నాటి, దాన్ని చెట్టుకు అంటుకట్టి బతికించే పద్ధతి నిమ్మజాతిలో ఉన్న మాట నిజమే. పెరట్లో ఉన్న ఒక్క చెట్టుకు అది చేసుకోవచ్చు. 400 చెట్లకు ఎవరి వల్లా కాదు.

ఇది ఏ ఊరికైనా వర్తించే మాటే. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల మాత్రం మరింత గట్టిగా వర్తిస్తుంది, కారణం నేల. ఊరి పేరు, పెద్ద చెరువు రెండూ 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలానివి. చెరువు కింద వరి మళ్లు, మిగిలిందంతా మెట్ట. మెట్టలో ఎక్కువ భాగం ఎర్ర చెల్క, అంటే గ్రానైటు, నైసు రాళ్లు చివికి ఏర్పడిన నేల. చాలాచోట్ల పైన అడుగో అడుగున్నరో ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద సగం చివికిన రాయి, తర్వాత బండ. ఎకరానికి 40 గుంటలైతే ఆ 40 గుంటలూ ఒక్క తీరుగా ఉండవు. ఒక మూల నాలుగడుగుల మట్టి ఉంటే ఇంకో మూల జానెడు కిందే రాయి తగులుతుంది. చెల్క మెత్తగా దున్నుకు లొంగుతుంది, వాన పడితే తొందరగా ఆరుతుంది, నీళ్లను ఎక్కువకాలం పట్టి ఉంచదు. 1985లో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, మనం క్రీడా అని పిలిచేది, హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఉంది. దాని పరిశోధన క్షేత్రాలు మాత్రం ఇటు హయత్‌నగర్‌లోను, యాచారం మండలం గున్‌గల్‌లోను ఉన్నాయి. మెట్ట కష్టాలన్నీ ఒకేచోట చూడాలంటే ఇంతకంటే అనువైన నేల నగరానికి ఇంత దగ్గర్లో దొరకదు. చెరువు కింది మళ్ల సంగతి వేరు. ఏళ్ల తరబడి దమ్ము చేయడం వల్ల జానెడు లోతున గట్టి పొర కట్టి ఉంటుంది, వానాకాలం నీరు దిగదు. వరి మానేసి అక్కడ బత్తాయి పెడితే పచ్చగానే లేస్తుంది. నాలుగైదేళ్లకు బంక కారడం మొదలవుతుంది.

ఇలాంటి చోట నేల పరీక్ష అంటే ఏమిటో కొంచెం ఆగి చూడాలి. 2015లో కేంద్రం మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డు చాలామంది రైతుల దగ్గర ఉంది. ఆ కార్డుకు మట్టి తీసేది పై 15 సెంటీమీటర్ల నుంచి. జొన్నకు, పత్తికి, వరికి అది చాలు. మామిడి వేరు బతకాల్సింది ఆ జానెడులో కాదు. తోటకు మట్టిని అడుగు చొప్పున, 30 సెంటీమీటర్లకు ఒక నమూనాగా, రాయి తగిలేదాకా తీయాలి. అంతకంటే ముందు, ఏ ప్రయోగశాలకూ పంపకుండా కళ్లతో చూసుకోవాల్సింది చాలా ఉంది. నేల తేడా కనిపించే నాలుగు చోట్ల అయిదడుగుల లోతు గుంత తీయించి అందులోకి దిగి చూడాలి. గడ్డి వేళ్లు, పక్కనున్న వేపచెట్టు వేళ్లు ఎంత లోతున ఆగిపోయాయి? మొరాన్ని గడ్డపారతో పొడిస్తే రాలుతోందా, ఖంగుమంటోందా? తెల్లటి గడ్డలు కనిపిస్తే వాటి మీద బాత్రూం కడిగే యాసిడ్ ఒక చుక్క వేస్తే తెలుస్తుంది. బుసబుస పొంగితే సున్నం. సున్నం ఎక్కువున్న నేలలో నిమ్మజాతి చెట్లకు ఇనుము అందదు. కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా, మిగతాదంతా పసుపుగా తేలిపోతాయి. అన్నభేది పిచికారీతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు కానీ అది ప్రతి చిగురుకూ కట్టాల్సిన శిస్తు. చివరగా గుంతను నీళ్లతో నింపి ఇంకనివ్వాలి, మళ్లీ నింపాలి. రెండోసారి పోసిన నీరు మర్నాటికి కూడా నిలిచి ఉంటే అక్కడ బత్తాయి, నిమ్మ, బొప్పాయి మాట మరచిపోవచ్చు. ఇదంతా ఒక పూట పని. జేసీబీకి అయ్యే కిరాయి, కొనబోయే మొక్కల ఖరీదులో చిన్న వాటా.

నేల తర్వాత నీళ్లు. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన. ఎకరం మీద అది 30 లక్షల లీటర్లు. వినడానికి పెద్ద సంఖ్యే, కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపల, కొన్ని పెద్ద వానల్లోనే పడిపోతుంది. మిగతా ఎనిమిది నెలలు చెట్టుకు ఆధారం నేల దాచుకున్న తేమ, లేదంటే బోరు. ఏ పండు పెట్టాలనే ప్రశ్నకు సగం జవాబు ఏప్రిల్ చివరి వారంలో ఆ బోరు ఎన్ని గంటలు పోస్తుందో చూస్తే వస్తుంది. ఆగస్టులో పోసే ధార చూసి తోట పెట్టినవాళ్లు తర్వాత ట్యాంకర్ల కోసం తిరుగుతారు. నీళ్లు తక్కువైన చోట సీతాఫలం, రేగు, ఉసిరి, చింత గౌరవంగా బతుకుతాయి. ఈ చుట్టుపక్కల గుట్టల మీద ఎవరూ నాటకుండా కాస్తున్న సీతాఫలమే దీనికి సాక్ష్యం. పేరున్న బాలానగర్ రకం కూడా పక్కనున్న పాలమూరు మెట్టల నుంచి వచ్చిందే. సీతాఫలం నాలుగు రోజుల్లో మెత్తబడిపోతుందనే అభ్యంతరం ఇక్కడ అంతగా నిలవదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో నగరం వదిలి, ఇక్కడికి దగ్గర్లోని బాటసింగారం చేరింది. దూరప్రాంతపు రైతుకు లేని ఈ దగ్గరితనం ఇబ్రహీంపట్నం రైతుకు ఉంది. తొందరగా పాడయ్యే పండు పెట్టడం ఇక్కడ తెలివిలేనితనం కాదు.

నేల సిద్ధం చేయడం దగ్గర అందరికీ కంఠతా వచ్చిన సూత్రం ఒకటుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. ఏప్రిల్, మే నెలల్లో తవ్వి ఎండనివ్వాలి. పై అడుగు మట్టి ఒక పక్క, కింది మట్టి ఇంకో పక్క పోసి, పై మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు 20 నుంచి 40 కిలోలు, సూపర్ ఫాస్ఫేటు ఒక కిలో, వేపపిండి ఒక కిలో కలిపి నింపాలి. సూత్రం మంచిదే, లోతైన నేలలో 60 సెంటీమీటర్లు చాలు కూడా. చిక్కల్లా గట్టి మొరంలో వస్తుంది. అక్కడ తవ్విన మీటరు గుంత కుండీలాగా పనిచేస్తుంది. లోపల మెత్తటి మట్టి, చుట్టూ గోడ. రెండేళ్లు మొక్క బ్రహ్మాండంగా పెరుగుతుంది, మూడో ఏట వేళ్లు గోడకు తగిలి లోపలే తిరుగుతాయి. పెద్ద వాన పడితే నీరంతా అందులో చేరి నిలుస్తుంది. మట్టి తడిగా ఉన్నప్పుడు యంత్రపు బరమాతో గుంత తీస్తే పక్కలు నున్నగా పూసినట్టయి ఈ గోడ ఇంకా గట్టిపడుతుంది. అందుకని మొరం నేలలో గుంత కొలత కంటే గుంత పక్కలు ముఖ్యం. గడ్డపారతో నాలుగు వైపులా పగుళ్లు తీయాలి. వీలైతే విడి గుంతలు మాని, వాలుకు అడ్డంగా వరుస పొడవునా రిప్పరు వేయించడమో కందకం తీయించడమో చేయాలి. అప్పుడు వేళ్లకు కనీసం రెండు వైపులా దారి దొరుకుతుంది, వాన నీరూ వరుసలోనే ఇంకుతుంది.

చెరువు మట్టి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెల్కల మీదికి చెరువు మట్టి తోలుకోవడం మళ్లీ ఊపందుకుంది. చెల్కకు తేమ పట్టే గుణం తెచ్చిపెట్టడంలో దానికి సాటి లేదు. కానీ ఆ నల్ల ఒండ్రును నేరుగా గుంతలో నింపడం పొరపాటు. చుట్టూ మొరం, మధ్యలో జిగట మట్టి అయితే ఇందాకటి కుండీ సమస్య రెట్టింపవుతుంది. చేను మీద పలచగా పరిచి దున్ని కలిపితేనే లాభం, అదీ చౌడు లేదని పరీక్ష చేయించాకే. పచ్చి పేడ గుంతలో వేయడం ఇంకో అలవాటు. చెల్కల్లో చెదలకు కొదవ లేదు, పచ్చి పేడ వాటిని పిలిచి పీట వేసినట్టే. ఇక గుంతను నేల మట్టానికి కాకుండా అరడుగు ఎత్తుగా నింపాలి. రెండు వానలకు మట్టి కుంగుతుంది. ముందే నేల మట్టానికి నింపి నాటితే మట్టితో పాటు మొక్కా కుంగి, జానెడు ఎత్తులో ఉండాల్సిన అంటు కట్టు మట్టిలో కూరుకుపోతుంది. నిమ్మజాతిలో అదే బంక తెగులుకు వాకిలి. మట్టిలో పూడిన పై కొమ్మ సొంత వేళ్లు వేస్తే మంచి వేరుమూలానికి పెట్టిన డబ్బూ వృథా.

ఇప్పుడు మొక్క. నర్సరీలో ఏపుగా, ముదురాకుపచ్చగా, నడుమెత్తు ఉన్న మొక్కనే చేయి వెతుకుతుంది. సాధారణంగా అది ఆ సంచిలో ఎక్కువకాలం ఉండిపోయిన మొక్క, అంటే వేరు చుట్టుకున్న మొక్క. ఆరు నెలల నుంచి ఏడాది వయసు, పెన్సిలు కంటే కొంచెం లావు కాండం, పూర్తిగా కలిసిపోయిన కట్టు, కట్టు కింద పిలకలు లేకపోవడం, చుట్టిన పాలిథిన్ పట్టీ కాండాన్ని కోయకుండా విప్పి ఉండటం, ఇవి చాలు. కానీ ఇవి కూడా పైకి కనిపించేవే. లోపల చూడటానికి ఒకటే మార్గం. ప్రతి లాటులో ఒక మొక్కను అదనంగా కొని అక్కడే చంపాలి. సంచి కోసి, మట్టిని బకెట్ నీళ్లలో మెల్లగా కడిగి, వేళ్లను అరచేతిలో పరచి చూడాలి. తల్లివేరు సూటిగా దిగిందా, అడుగున చుట్టలు తిరిగిందా? సన్న వేళ్ల కొనలు తెల్లగా ఉన్నాయా, గోధుమరంగుకు తిరిగి తోలు ఊడి వస్తోందా? జామ అయితే వేళ్ల పొడవునా చిన్న చిన్న పూసలు గుచ్చినట్టు బుడిపెలు ఉన్నాయా? ఉంటే అవి వేరు బుడిపె నులిపురుగులు. గత పదేళ్లలో దక్షిణాది జామ తోటలను ఎండగొట్టిన పెద్ద కారణాల్లో ఇదొకటి. మెలాయిడోగైనె ఎంటెరోలోబీ అనే జాతి నులిపురుగు నర్సరీ సంచుల్లోని మట్టితోనే రాష్ట్రం నుంచి రాష్ట్రానికి ప్రయాణించింది. దాన్ని తగ్గించే మందులున్నాయి, వేపపిండి, బంతి అంతరపంట కొంత సాయం చేస్తాయి. నేలలోంచి పూర్తిగా తుడిచేసే మందు లేదు. మొదటి కాపు బాగా వచ్చాక ఆకులు రాగి రంగుకు తిరిగి చెట్టు వాడితే రైతు ఎరువు తక్కువైందనుకుంటాడు. ఒక మొక్క ధరతో ఆ నేలను కాపాడుకునే అవకాశం నర్సరీ గేటు దగ్గరే దాటిపోయి ఉంటుంది.

వేరుమూలం బలం ఏమిటో, బలహీనత ఏమిటో చెప్పడానికి బత్తాయిని మించిన ఉదాహరణ లేదు. ఇబ్రహీంపట్నం నుంచి అదే సాగర్ రోడ్డు మీద మాల్ దాటితే నల్లగొండ జిల్లా, బత్తాయికి పెట్టింది పేరు. అక్కడా ఇక్కడా పెట్టేది సాత్‌గుడి రకమే. తేడా ఉన్నదల్లా దాన్ని దేని మీద అంటు కట్టారన్న దగ్గరే. జంబేరి మీద కట్టిన మొక్క నర్సరీలో చకచకా పెరుగుతుంది, కంటికి నిండుగా ఉంటుంది, కానీ ఎండు వేరుకుళ్లుకు తొందరగా లొంగుతుంది. రంగపూర్ నిమ్మ మీద కట్టింది బెట్టను, కొంత ఉప్పును బాగా ఓర్చుకుంటుంది. మన నేలలకు రంగపూర్ మీద కట్టిన మొక్కలే తీసుకోమని శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. పక్కపక్కన పెడితే ఆకు చూసి రెంటినీ తేడా పట్టడం రైతుకు కష్టం, ఎందుకంటే రెంటి పైనా ఉన్నది సాత్‌గుడే. బ్రెజిల్, అర్జెంటీనా రైతులు ఈ పాఠాన్ని ఎంత ధర పెట్టి నేర్చుకున్నారో ఒకసారి చూడాలి. 1930, 40 దశకాల్లో ట్రిస్టెజా వైరస్ వచ్చినప్పుడు అక్కడ పుల్ల నారింజ వేరుమూలం మీదున్న బత్తాయి చెట్లు లక్షల్లో చచ్చాయి. అదే బత్తాయి వేరే వేరుమూలాల మీద నిలబడింది. బ్రెజిల్ తోటలు తర్వాత ఎక్కువగా మన రంగపూర్ నిమ్మ మీదికి మారాయి.

కథ అక్కడితో ఆగితే నా వాదనకు హాయిగా ఉండేది. ఆగలేదు. 1999 ప్రాంతంలో అదే బ్రెజిల్‌లో రంగపూర్ నిమ్మ మీదున్న చెట్లకు హఠాత్తుగా చచ్చిపోయే కొత్త జబ్బు కనిపించింది, మళ్లీ వేరుమూలాలు మార్చాల్సి వచ్చింది. మరి ఏ వేరుమూలమూ శాశ్వతం కానప్పుడు దాని గురించి ఇంత తపన దేనికని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. దానికి జవాబు పట్టింపు మానేయడం కాదు. ఏ చెట్టు కింద ఏముందో రాసిపెట్టుకోవడం, తోట మొత్తాన్ని ఒకే వేరు మీద నిలబెట్టకపోవడం. రేపు జబ్బు వస్తే ఏది పోతుందో, ఏది ఉంటుందో తెలిసేది ఆ లెక్క ఉన్న రైతుకే. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో వచ్చిన ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టం నర్సరీలను ఒక లెక్కలోకి తెచ్చింది. రైతు తన వంతుగా బిల్లు మీద రకం పేరుతో పాటు వేరుమూలం పేరు కూడా రాయించుకోవాలి. రాయడానికి తటపటాయించే చోట కొనకపోవడమే మేలు.

మామిడిలో ఈ వాదన ఇంకొంచెం ఇరకాటంలో పడుతుంది. నిమ్మజాతిలోలాగా ఇక్కడ పేరున్న వేరుమూలాలు రైతుకు దొరకవు. ఇజ్రాయెల్ వాళ్లు సున్నపు నేలలకు, ఉప్పు నీటికి 13-1 అనే వేరుమూలాన్ని ఎంచి పెట్టుకున్నారు. మనకు రసం ఫ్యాక్టరీల్లో మిగిలిన టెంకలే దిక్కు. రకరకాల టెంకల నుంచి మొలిచిన మొక్కల మీద ఒకే బంగినపల్లి కడితే తోటలో ఒక చెట్టు ఎత్తుగా, ఒకటి గిడసగా పెరగడంలో వింతేముంది? ఎంచుకునే వీల్లేనప్పుడు వేరు గురించి అడిగి లాభమేమిటంటారా, వేరు జాతిని ఎంచుకోలేకపోయినా వేరు ఆరోగ్యాన్ని ఎంచుకోవచ్చు. అసలు చెల్క నేలలకు ఇంకా మెరుగైన దారి ఒకటుంది. గుంతలోనే నాటు మామిడి టెంకలు రెండు మూడు పెట్టి, మొలిచినవాటిలో బలమైనదాన్ని ఉంచి, ఏడాదికి దాని మీద అక్కడే లేత కొమ్మ అంటు కట్టడం. సంచి ముఖం చూడని తల్లివేరు మొరం పగుళ్లలోకి నేరుగా దిగుతుంది. రేగుకు కూడా ఇదే పద్ధతి అచ్చొచ్చింది. ఇబ్బందులు లేకపోలేదు. అంటు కట్టేవాణ్ణి చేనుకు పిలిపించుకోవాలి, కొన్ని అంట్లు ఎండిపోతే మళ్లీ కట్టాలి, కొమ్మలు నమ్మకమైన తల్లిచెట్టు నుంచి తేవాలి. సంగారెడ్డి ఫల పరిశోధన స్థానం లాంటి చోట్ల తల్లిచెట్లున్నాయి. ఈ శ్రమ అంతా ఒక్కసారిది, చెట్టు బతికేది రెండు తరాలు. దానిమ్మకు మాత్రం ఈ తర్కం పనిచేయదు. అక్కడ మొక్క ఎక్కువగా గాలి అంటుతో వచ్చేది కనుక కట్టే ఉండదు, కొమ్మలో ఏ రోగముంటే అదే చేనుకు వస్తుంది. తెలుగు నేలన ఎన్నో దానిమ్మ తోటలను కొట్టేయించిన బాక్టీరియా మచ్చ తెగులు అలా వచ్చిందే. అక్కడ చూడాల్సింది తల్లిచెట్టు ఉన్న తోటను.

ఇంతా విన్నాక మార్కెట్ తెలిసినవాళ్లు వేసే ప్రశ్న ఒకటుంటుంది. బాటసింగారంలో ధర పలికేది పండు పేరును బట్టే కదా, వేరును ఎవరు చూస్తారని. నిజమే, రకాన్ని తేలిగ్గా తీసుకోమని నేననడం లేదు. రకం ఎంపికకు ఊళ్లోనే నలుగురి అనుభవం దొరుకుతుంది, మార్కెట్లో రోజూ ధర తెలుస్తుంది, తప్పు జరిగితే అంటు మార్చే దారి ఉంది. ఎక్కువ సమాచారమూ, ఎక్కువ వెసులుబాటూ ఉన్న నిర్ణయానికే మనం ఎక్కువ చింతించి, ఏ వెసులుబాటూ లేనిదాన్ని బండివాడికి వదిలేస్తున్నాం.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఆధునిక సేద్యం వైపు నుంచి వస్తుంది. డ్రిప్‌తో నీళ్లు, నీళ్లతో ఎరువు ఇస్తుంటే నేల ఉత్తి ఆధారం మాత్రమే, మూడేళ్లలో కాపు, లోతు గొడవ ఎందుకని. లెక్క చూద్దాం. మామిడి 10 మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 40 చెట్లు. 5 మీటర్లతో 160. మీటర్ల లెక్కన 3కు 2 పెడితే 674. చెట్ల సంఖ్య దాదాపు 17 రెట్లయినప్పుడు అదే మట్టి, అదే బోరు 17 రెట్ల నోళ్లకు పంచాలి. కత్తిరింపులతో చెట్టును చిన్నగా ఉంచుతారు కనుక వాడకం అంతగా పెరగదనే మాట ఒప్పుకుందాం. అయినా కరెంటు పోయిన మే నెల వారంలో ఆ చెట్టుకు దాచుకున్న తేమంటూ ఉండదు. డ్రిప్ తడి పైపైనే ఉంటే వేరూ పైపైనే ఉంటుంది, కాయ బరువు మీదున్న చెట్టు ఏప్రిల్ ఈదురుగాలికి వాలుతుంది. లోతైన నేల, నమ్మకమైన నీళ్లు ఉన్నవాళ్లకు ఒత్తు తోట మంచి మార్గమే. చెల్కలో అది అంటు కింది తప్పును 674తో గుణిస్తుంది.

ఖర్చు, కాలం గురించిన అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. గుంత తీయడమే మొరంలో భారం, పైగా నేల సిద్ధం చేయడానికి ఒక ఏడాది ఆగమంటే చిన్న రైతు ఏం తినాలి? ఆ ఏడాది చేను ఖాళీగా ఉండనక్కర్లేదు. కంది, బొబ్బర్లు, ఉలవలు వేసుకోవచ్చు, జనుము వేసి కలియదున్నవచ్చు. వెడల్పు వరుసల్లో నాటితే తర్వాత నాలుగైదేళ్లు కూడా ఇవి వస్తాయి. రెండెకరాలకు సరిపడా డబ్బు లేకపోతే అరెకరం సరిగా చేయడం, మిగతాది వచ్చే ఏడు చూసుకోవడం మేలు. ఇక ఇబ్రహీంపట్నంలో ఎవరూ పైకి అనకపోయినా అందరి మనసులోనూ ఉండే మాట ఒకటుంది. పదేళ్లలో ఇదంతా వెంచరే అవుతుంది, ఈ వేళ్ల గొడవ ఎవరికోసం? ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ పేరు మోసిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు ఎటు పోయాయో తెలిసినవాళ్లు ఈ మాటను కాదనలేరు. అమ్మే ఉద్దేశం ఖాయమైతే తోట పెట్టకండి, కంచె చాలు. కాగితాల మీద తోట చూపించడానికి నాటిన మొక్కలు ఇప్పటికే చాలా చేలల్లో ఎండుతున్నాయి. ఉద్దేశం ఖాయం కాని రైతుకు మాత్రం, అమ్మకం కుదరని ఏడాదుల్లో ఇంటిని నడిపేది బతికున్న చెట్టే.

ప్రభుత్వం వైపు నుంచి మారాల్సింది పెద్దదేం కాదు. 2014 నాటి సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ మార్గదర్శకాల్లో కొత్త తోటకిచ్చే సాయాన్ని 60, 20, 20 శాతం చొప్పున మూడేళ్లలో ఇమ్మన్నారు. రెండో విడతకు 75 శాతం, మూడో విడతకు 90 శాతం మొక్కలు బతికి ఉండాలని షరతు పెట్టారు. షరతు పెట్టడం మంచిదే. కానీ చుట్టుకున్న వేరు, సున్నపు పొర, నులిపురుగు, లొంగిపోయే వేరుమూలం మూడేళ్ల లోపు సాధారణంగా బయటపడవు. లెక్కించడానికి అధికారి వచ్చిన రోజు చేనంతా పచ్చగానే ఉంటుంది. ఆ మొదటి 60 శాతం ఇచ్చే ముందు రెండు కాగితాలు అడిగితే చాలు. చేనులో అయిదడుగుల గుంత తీయించి చూసిన నేల వివరం ఒకటి, వేరుమూలం పేరు రాసిన నర్సరీ బిల్లు ఇంకొకటి. ఉద్యాన అధికారి మొక్కలు లెక్కపెట్టడానికి ఎలాగూ చేనుకు వస్తారు. ఆ రావడం ఏదో గుంత తెరిచి ఉన్న మే నెలలోనే వస్తే సరిపోతుంది.